దుర్గాశంకర్ మాటల శుద్ధప్రతి

రేణుక వేళ్లు నిమిషానికి తొమ్మిది మాటలు టైపు కొట్టేవి. పరీక్ష నెగ్గాలంటే ముప్పై కావాలి, అందులోనూ నూటికి తొంభై ఎనిమిది తప్పుల్లేకుండా రావాలి. చేతిలో ఉన్నది ఆరు వారాలు. కూటి కోసం కోటి విద్యలన్నారు గానీ, చెవిలో ఎవరో మాట్లాడుతుంటే ఆ మాటల్ని చేత్తో తెలుగులో కొట్టడం కూడా ఆ కోటిలో ఒకటని పామర్రు నేతగాళ్ల వీధిలో అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

ఆమె ఆ విద్య సరదాకి మొదలుపెట్టలేదు. ఇంట్లో మగ్గం ఆగి రెండు నెలలైంది. నేసే మనిషి, ఆమె భర్త దుర్గాశంకర్, గొంతు బొంగురుపోయి, ముద్ద మింగుడుపడక మూల కూర్చున్నాడు. మొదట జలుబన్నారు. తర్వాత చుట్టలు మానెయ్యమన్నారు. చివరికి విజయవాడలో పరీక్షలు చేసి గొంతులో గడ్డ ఉందని తేల్చారు. నూలు ధూళి తగలకూడదు, మగ్గం గుంటలోకి దిగొద్దన్నారు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఉండేది ముగ్గురే. వీళ్లిద్దరూ, దుర్గాశంకర్ తల్లి చౌడేశ్వరమ్మ. ఆమె రేణుకకు అత్తగారే కాదు, సొంత మేనత్త. అందుకే రేణుక భర్తను చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచేది, పెళ్లయ్యాక కొత్తగా నేర్చుకోవాల్సిన పిలుపేమీ లేకపోయింది.

హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆఫీసులో పనిచేసే రేణుక తమ్ముడు సురేష్ పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చిపెట్టి, విజయవాడలో హన్నా గారి ఫోన్ నంబరిచ్చాడు. గవర్నరుపేటలో ఒక మేడ మీద గదిలో హన్నా ఈ పని ఇప్పిస్తుంది. ఎక్కడెక్కడో రైతులతో, నేతగాళ్లతో, సంఘాల ఆడవాళ్లతో మాట్లాడి రికార్డు చేసిన ఆడియోలు ఆమెకు వస్తాయి. వాటిని విని తెలుగులో టైపు చేసి పంపాలి. ఇల్లు కదలక్కర్లేదు. రోగిని చూసుకుంటూ చేసుకోగల పని అంతకన్నా ఏం దొరుకుతుంది?

హన్నాకు ముప్పై ఏళ్లుంటాయి. నెమ్మదైన మనిషి, కానీ పద్ధతి దగ్గర మాత్రం పట్టు విడవదు.

"స్పీడు సంగతి ఇప్పుడు మర్చిపోండి రేణుక గారూ," అంది మొదటి రోజే. "ముందు తప్పుల్లేకుండా కొట్టండి. ఒక తప్పు దిద్దుకునే టైములో మూడు మాటలు కొట్టొచ్చు. చేతుల వైపు చూడకండి, పైన తువ్వాలు కప్పుకోండి. అయిదారు మాటలు చెవిలో పట్టుకోవాలి, వాటిని కొడుతూ ఆ తర్వాతివి వింటూ ఉండాలి. ఎక్కడా ఆపకుండా ఒక ఆడియో పూర్తి చేసిన రోజు మీకు పని వచ్చినట్టే."

"మాట్లాడే మనిషి దగ్గినా అదీ కొట్టాలా అండీ?"

"వద్దండీ. దగ్గులు, నవ్వులు, ఆ, ఊఁ, ఊతపదాలు, మధ్యలో ఆగిపోవడాలు, పక్కవాళ్లని పిలవడాలు ఏవీ ఉండకూడదు. క్లీన్ కాపీ ఇవ్వాలి. చదివేవాళ్లకి విషయం కావాలి గానీ మనిషి అక్కర్లేదు. ఇంకోటండీ. టైపు చేసి, రెండోసారి విని సరిచూసుకున్నాక ఆడియో తీసెయ్యాలి. ఎవరిదో గొంతు మన ఇంట్లో పడి ఉండకూడదు. ఇప్పట్నించే చేతికి అలవాటు చేసుకోండి. పని దొరికాక నేర్చుకుందాంలే అనుకుంటే మర్చిపోతారు."

ఈ మాటలన్నీ రేణుక నోటు పుస్తకంలో రాసుకుంది. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి ఆమె. ఆ గుణం మంచిదని లోకమంతా అంటుంది.

మనకు తెలిసి రేణుకకు తెలియని సంగతి ఒకటుంది. అంతకు రెండు రోజుల ముందే, ఆమె మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉండగా, డాక్టరు దుర్గాశంకర్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, తగ్గే దశ దాటిపోయింది. మాట పెట్టె మొత్తం తీసెయ్యాలి. మనిషి బతుకుతాడు, మాట పోతుంది. "రెండు వారాల్లో రండి, మీ ఆవిడని కూడా తీసుకురండి, మాట్లాడదాం," అన్నాడు. దుర్గాశంకర్ బయటికొచ్చి, "కరెంటు పెట్టించుకుంటే సరిపోద్దంట. నెలన్నర తర్వాత రమ్మన్నారు," అని పెళ్లాంతో చెప్పాడు. పరీక్షయ్యేదాకా ఈ కబురు దాని చెవిన పడకూడదు, పడితే చేతులు వణికి ఉన్న తొమ్మిది మాటలూ పోతాయి, అని అతని లెక్క. రెండు వారాలని చెప్పిన డాక్టరు మాటను ఆరు వారాలు చేసుకున్నాడు. తప్పే. కానీ ఆ తప్పులో తన కోసం అతను దాచుకున్నది ఏమీ లేదు.

రోజూ కొత్త ఆడియో ఒకటి సాధన చేయమంది హన్నా. కొత్త ఆడియోలు ఎక్కడివి? దుర్గాశంకరే అడిగాడు.

"నేను మాట్లాడతా, నువ్వు కొట్టుకో. ఖాళీగా కూర్చుని చేసేదేముంది?"

"గొంతు నొప్పి పుట్టదా బావా?"

"మాట్లాడకపోతే ఎక్కువ పుడతంది."

అలా మొదలైంది. పొద్దున్నే టీ తాగాక రేణుక లాప్‌టాప్‌ను ఆగిన మగ్గం మీద పెట్టి, ఇయర్‌ఫోన్ తీగ అతని చొక్కా గుండీకి తగిలించి, రికార్డు నొక్కి వంటింట్లోకి పోయేది. పొయ్యి మీద ఎసరు మరిగే దాకా అతను మాట్లాడేవాడు. ఎదురుగా ఎవరూ లేకుండా, ఆ యంత్రానికే చెప్పేవాడు. మధ్యాహ్నం అందరూ తిన్నాక ఆమె చేతుల మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేది. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి హల్లులు. ఒత్తు వస్తే వేలు తడుముకునేది, సంయుక్తాక్షరం వస్తే ఊపిరి బిగబట్టేది.

మొదటి రోజు దుర్గాశంకర్ చెప్పింది ఇది: "అదేంటంటే రేణూ... మా నాన్న, ఊఁ, ఉండు, దగ్గొస్తంది... మా నాన్న పొద్దున్నే నాలుగింటికే వీధిలో పడుగు ఏసేవాడు. ఏసేవాడా, నేనేమో నిద్దర. అదేంటంటే, కాలితో తట్టి లేపేవాడు, హహ, తన్నడం కాదులే, తట్టడమే."

రేణుక టైపు చేసింది ఇది: "మా నాన్న పొద్దున్నే నాలుగింటికే వీధిలో పడుగు వేసేవాడు. నేను నిద్రలో ఉంటే కాలితో తట్టి లేపేవాడు."

హన్నా అది చూసి, కొత్తవాళ్లలో ఇంత శుభ్రంగా ఏరినవాళ్లను చూడలేదంది. అందులో వింతేమీ లేదు. మగ్గం మీంచి బట్ట దింపాక లేచిన పోగులు ఏరి, తెగిన చోట ముడులు కనపడకుండా సర్దే పని ఆ వీధిలో ఆడవాళ్లది. షావుకారు వేలు పెట్టి చూపించడానికి సందు దొరక్కూడదు. పదహారేళ్లుగా రేణుక ఆ పని చేస్తోంది. ఆమె సర్దిన బట్టను షావుకారు ఒక్కసారి కూడా తిప్పి పంపలేదు. ఇప్పుడు మొగుడి మాటల మీదా అదే చెయ్యి పడింది.

టైపు అయ్యాక రెండోసారి విని, అక్షరం అక్షరం సరిచూసుకుని, పేజీని దాచి, ఆడియోను తీసేసేది. రెండు మీటలు కలిపి నొక్కితే మళ్లీ తీసుకోవడానికి కూడా వీల్లేకుండా పోతుంది. మొదటి రోజు ఒక్క క్షణం ఆగింది. బావ గొంతే కదా, పరాయివాళ్లది కాదు కదా అనిపించింది. చేతికి అలవాటు కావాలన్న మాట గుర్తొచ్చి నొక్కేసింది. మూడో రోజుకు ఆగడం కూడా పోయింది. మనిషి పక్కనే ఉండి, పొద్దస్తమానం రేణూ రేణూ అని పిలుస్తుంటే, అతని గొంతును దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

దుర్గాశంకర్‌కు మాత్రం వేరే నమ్మకం ఉంది. యంత్రంలోకి ఎక్కిన మాట ఎక్కడికీ పోదని అతను అనుకున్నాడు. లాప్‌టాప్ ఎన్నడూ ముట్టుకోని మనిషి, ఇంకెలా అనుకుంటాడు? అందుకే ఒక క్రమం పెట్టుకుని మాట్లాడాడు. మొదటి వారం నేత పని. ఆ తర్వాత తన చిన్నతనం. ఆ తర్వాత పెళ్లిరోజు వానకు పందిరి కూలి, పెళ్లికొడుకు తడి బట్టలతోనే తాళి కట్టిన సంగతి. ఆ తర్వాత రేణుకకు రెండుసార్లు కడుపు నిలవకపోవడం, ఆమె ముందు ఎప్పుడూ అనని మాటలు. వంటింట్లో ఉన్న మనిషికి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాడు. మధ్యాహ్నం ఆమె అవి విని, చేతులు ఆపి కాసేపు ఏడిచి, ఆపినందుకు తనను తాను తిట్టుకుని, మళ్లీ మొదటి నుంచీ కొట్టింది. సాయంత్రం అతనితో ఆ సంగతి ఎత్తలేదు. అతనూ అడగలేదు. సిగ్గు అనండి, అలవాటు అనండి, ఆ ఇంట్లో అటువంటి మాటలు మొహాలు చూసుకుని అనుకోరు.

ఒకరోజు చౌడేశ్వరమ్మ అరుగు మీద పొరుగువాళ్లకు నూలు కండెలు చుట్టడం ఆపి వచ్చి కూర్చుంది. "వాడి మాట అందులో మళ్లీ వినపడుద్దా అమ్మాయ్?" అని అడిగింది. రేణుక ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో పెట్టింది. ముసలామె ఉలిక్కిపడి, తర్వాత నోరంతా తెరిచి నవ్వింది.

"వీడు నా చెవిలోనే కూర్చున్నాడే."

తొమ్మిది పద్నాలుగైంది, పద్నాలుగు పంతొమ్మిదైంది. ఇరవై రెండు దగ్గర బండి దిగబడినట్టు వారం పాటు కదల్లేదు. హన్నా ఫోన్ చేసి, అందరికీ అక్కడే ఆగుతుంది, ఆడియో వేగం తగ్గించుకుని తప్పుల మీద పడండి అంది. రేణుక అలాగే చేసింది. ఒకరోజు ఇరవై ఆరు, ఇంకోరోజు ముప్పై. ఆ తర్వాత వేళ్లకు వాటి దారి అవే తెలిసిపోయింది.

పరీక్ష రోజు విజయవాడ బస్సెక్కుతుంటే దుర్గాశంకర్ స్టాండు దాకా వచ్చాడు. అప్పటికి అతని గొంతు దాదాపు గుసగుసే. "కంగారు పడబాక," అన్నాడు. ముప్పై ఒక్క మాటలు, తొంభై తొమ్మిది శాతం. హన్నా అక్కడికక్కడే పని ఖాయం చేసింది. తిరుగు బస్సులో రేణుక తన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అవి వేరే ఎవరివో అయినట్టు చూసుకుంటూ వచ్చింది. చాలా కాలం తర్వాత ఆ రోజు ఆమెకు నిజంగా సంతోషం కలిగింది.

అప్పుడు చెబుదామనుకున్నాడు దుర్గాశంకర్. సోమవారం పరీక్ష, మంగళవారం ఆమె మొహం చూసి మనసొప్పలేదు, బుధవారం రేపు అనుకున్నాడు. గురువారం పొద్దున టీ గ్లాసు అందుకుంటూనే ఊపిరి ఆడక కూలబడ్డాడు. అంబులెన్సులో విజయవాడ చేరేసరికి పెదాలు నీలంగా మారాయి. మెడకు రంధ్రం పెట్టి గొట్టం వేసి బతికించారు. మాట ఆ క్షణానికే పోయింది. సంతకం పెట్టమని కాగితం ఇస్తూ డాక్టరు, "ఆరు వారాల కిందే చెప్పాం కదమ్మా," అన్నాడు. రేణుక ఆ కాగితం మీద పేరు రాసింది గానీ, ఏం రాసిందో ఆమెకు తెలియదు.

తర్వాత పది రోజులకు పెద్ద ఆపరేషన్ చేసి మాట పెట్టె తీసేశారు.

ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె వెతికింది. లాప్‌టాప్‌లో ముప్పై తొమ్మిది పేజీలున్నాయి, ఒక్క ఆడియో లేదు. ఫోనులో మూడు వీడియోలున్నాయి. రెంటిలో అతను నవ్వుతూ నిలబడ్డాడు, నోరు విప్పలేదు. మూడోదాంట్లో పెదాలు కదులుతున్నాయి గానీ మగ్గం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పోయినవి తిరిగి తెప్పించే మార్గం ఉందేమోనని సురేష్ బెజవాడలో రెండు షాపులు తిరిగాడు. లేదన్నారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి అక్కడ తనొక్కతే ఉంది.

ఇరవై ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చారు. దుర్గాశంకర్ మెడలో రంధ్రం, దాని మీద తెల్ల గుడ్డ. పలక మీద రాసి మాట్లాడడం ఆసుపత్రిలోనే అలవాటైంది. ముద్ద మింగడం కూడా కొత్తగా నేర్చుకుంటున్నాడు. వచ్చిన రెండో రోజు సాయంత్రం, చౌడేశ్వరమ్మ కొడుకు మంచం పక్కన కూర్చుని అతని చెయ్యి నిమురుతుంటే, పలక తీసుకుని రేణుకకు చూపించాడు.

"అమ్మకి వినిపించు. తను మగ్గం ఎక్కిన సంగతి."

రేణుకకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడింది. అతను చెరిపి మళ్లీ రాశాడు.

"నా మాటలు. అన్నీ ఉన్నాయిగా. అందుకే చెప్పా."

అతని మొహంలో, ఎవరూ చూడకుండా దాచిన మిఠాయి తీసి పెట్టబోయే మనిషి సంబరం ఉంది. అది చూశాక రేణుకకు అబద్ధం చెప్పాలని కూడా అనిపించింది. లాప్‌టాప్ పాడైందని చెబితే సరిపోయేది. కానీ నలభై రోజులు ఆమెను కాపాడడానికి అతను చెప్పిన అబద్ధం ఇంటిని ఎక్కడికి తెచ్చిందో ఆమె కళ్లారా చూసింది.

"లేవు బావా. కొట్టడం అయ్యాక తీసేశాను. అది పద్ధతి. రోజూ తీసేశాను."

అతను ఆ రాత చెరిపేశాడు. తర్వాత పలక మీద ఒక్క మాట రాశాడు. "అన్నీనా?"

ఆమె తలూపింది. అతను ఆ మాటను అరచేత్తో తుడిచేశాడు. ఆ తర్వాత, "పోన్లే. చెప్పాల్సింది నేను," అని రాశాడు. తిట్టి ఉంటే ఆమె ఎలాగో తట్టుకునేది. ఆ పోన్లే దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏంటే, ఏం రాస్తన్నాడు?" అని అడిగింది చౌడేశ్వరమ్మ. ఆమెకు అక్షరం రాదు.

"బావ నీ గురించి చెప్పిందొకటి ఉందత్తా. చదువుతాను."

పేజీ తెరిచి చదివింది. తప్పు ఒక్కటి కూడా లేని పేజీ. నాన్న పోయాక అమ్మ మగ్గం ఎక్కింది. ఆడది గుంటలోకి దిగిందని వీధి నవ్వుతుందని తలుపులేసుకుని నేసేది. అప్పుడు నాకు పదేళ్లు. మీ ఇంట్లో ఎవరు నేస్తున్నారని బడిలో అడిగితే మా మేనమామ అని చెప్పాను. అమ్మ అని చెప్పడానికి సిగ్గుపడ్డాను. అమ్మ నేసిన బట్ట అమ్ముకునే తిన్నాం. ఇప్పటిదాకా ఈ సంగతి ఎవరితోనూ అనలేదు.

చదవడం అయిపోయింది. ముసలామె ఇంకా వింటున్నట్టే కూర్చుంది.

"ఇంతేనా అమ్మాయ్? నాకేం చెప్పలేదా? నన్ను పిలవను కూడా లేదా?"

రేణుక లాప్‌టాప్ మూసింది. ఆ మధ్యాహ్నం ఆమెకు ఇప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. అమ్మ నేసిన బట్ట అన్న దగ్గర ఆడియోలో అతని మాట ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప చాలాసేపు ఇంకేమీ లేదు. అప్పటికి ఆమె రెండు వాక్యాలు వెనకబడి ఉంది, ఎప్పటిలా ఆడియో ఆపెయ్యబోతోంది. అతను ఆగడంతో, అమ్మయ్య అనుకుని వెనకబడ్డ మాటల్ని గబగబా కొట్టి అందుకుంది.

"పిలిచాడత్తా," అంది. "అమ్మా అని పిలిచి ఏడిచాడు. చాలాసేపు ఏడిచాడు. మళ్లీ అమ్మా అన్నాడు. పిలుపులు రాయకూడదని తీసేశాను. బావ ఏడుస్తున్నంతసేపట్లో నా చేతులు అందుకున్నాయి. నేను మొదటిసారి ఎక్కడా ఆపకుండా పూర్తి చేసింది ఆ రోజే. సంతోషపడ్డానత్తా."

మంచం మీద దుర్గాశంకర్ కళ్లు మూసుకున్నాడు. మెడ దగ్గర గుడ్డ లేచి పడుతోంది. చౌడేశ్వరమ్మ కోడలి మీద కోపపడలేదు. దగ్గరికి జరిగి, ఆమె గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది.

"నువ్వు విన్నావుగా. ఎట్టా పిలిచాడో ఒక్కసారి అనమ్మా."

రేణుక గుండెల్లో దాన్ని వెతుక్కుంది. ఆ బొంగురు, ఆ తడబాటు, రెండోసారి అన్నప్పుడు చివర తెగిపోయిన తీరు, అన్నీ చెవిలో ఉన్నాయి. నోరు తెరిచి, "అమ్మా," అంది.

అది ఆమె గొంతే. మళ్లీ అంది. అదీ ఆమె గొంతే.

చౌడేశ్వరమ్మ తల అడ్డంగా ఊపి, మూడోసారి అంటుందేమోనని ఆమె నోటి వైపే చూస్తూ కూర్చుంది.